రెండు కళ్ళ పొయ్యి

కట్టెల పొయ్యి కాలంలో మన పల్లెల వంటిళ్ళలో మట్టితో వేసిన పొయ్యికి రెండు కళ్ళు ఉండేవి. ముందు కంటి మీద అన్నం ఉడుకుతూ ఉండగా, ఆ మంటే వెనుకకు సాగి రెండవ కంటి మీది కుండలో స్నానానికి నీళ్ళు కాచేది. వెనుక కంటికని వేరుగా కట్టె పెట్టేవారు కారు. పెట్టిన కోడలికి అత్తగారి చేత మాట తప్పేది కాదు. ఇంజనీరింగు గ్రంథాలలో ఉష్ణ విద్యుత్ సహోత్పత్తి అనీ, వాడుకలో కోజనరేషన్ అనీ పిలిచే విధానం సారాంశంలో ఈ రెండు కళ్ళ పొయ్యియే. బొగ్గునో, గ్యాసునో, ఊకనో మండించి ఆవిరి పుట్టిస్తారు. ఆ ఆవిరి చేత చక్రం తిప్పించి కరెంటు తీస్తారు. చక్రం తిప్పి బలం తగ్గిన ఆవిరిని పారవేయక, దానిలో మిగిలిన వేడితో మరొక పని చేయించుకుంటారు.

సాధారణ థర్మల్ విద్యుత్ కేంద్రం అలా కాదు. అది ఒంటికంటి పొయ్యి. బొగ్గులోని శక్తిలో మూడవ వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే కరెంటుగా తీగల మీదికి ఎక్కుతుంది. మిగిలిన దానిలో కొంత పొగగొట్టం గుండా, అధిక భాగం శీతలీకరణ గోపురాల గుండా ఆకాశంలో కలిసిపోతుంది. ఆ గోపురాల నుండి తెల్లగా లేచే మేఘాన్ని చూసి చాలామంది పొగ అనుకుంటారు. అది పొగ కాదు, పారవేసిన వేడిని మోసుకుపోతున్న నీటి ఆవిరి. అసలు పొగ పక్కనున్న సన్నని గొట్టం నుండి, కంటికి అంతగా ఆనకుండా పోతూ ఉంటుంది.

మా స్వగ్రామమైన నర్మెట్టకు ఈశాన్యంగా సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, నేటి జయశంకర్ భూపాలపల్లి జిల్లా చెల్పూరు వద్ద, కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. సింగరేణి బొగ్గు దానికి ఆహారం. అక్కడ 2010లో 500 మెగావాట్ల యూనిట్, 2016లో 600 మెగావాట్ల యూనిట్ ఉత్పత్తికి వచ్చాయి. రెండూ పూర్తి సామర్థ్యంతో నడిచిన రోజున 2 కోట్ల 64 లక్షల యూనిట్ల విద్యుత్తు పుడుతుంది. బొగ్గు విద్యుత్తు యూనిట్ ఒకటికి సుమారు 900 గ్రాముల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుందని లెక్క. ఆ ప్రకారం అది రోజుకు 24 వేల టన్నులకు దగ్గరగా వస్తుంది. ఈ అంకెను పాఠకులు కొంచెం గుర్తుంచుకోవలసిందిగా కోరుతున్నాము. ముందు ముందు దీనితో పని ఉన్నది.

తెలుగు పాఠం చెప్పుకునే మాకు ఈ బాయిలర్ల గొడవ ఎందుకని కమిటీ పెద్దలు అడగవచ్చు. మేము కోరి వెళ్ళింది కాదు. సైన్సు విద్యార్థులు కొందరు వకృత్వ పోటీకి సిద్ధమవుతూ, గొట్టం నుండి పోయే బొగ్గుపులుసు వాయువును పట్టి నిలువచేసే విధానానికి తెలుగులో ఏమనాలని మా వద్దకు వచ్చారు. కర్బన గ్రహణం అంటే సూర్యగ్రహణం వలె ఉన్నది. కర్బన బంధనం అంటే రసాయన శాస్త్రంలో బంధం వేరు. ఉర్దూ శాఖలోని మా మిత్రులు ఈ చర్చ విని, "ధువాఁ గిరఫ్తార్ అనండి, సరిపోతుంది" అన్నారు. పొగ అరెస్టయింది అని అర్థం. దక్కనీ ఉచ్చారణలో ధువాఁకు, దువాకు దూరం తక్కువ. పొగ పైకి పోయేదే, ప్రార్థనా పైకి పోయేదే గనుక మేము కొంత నవ్వుకున్నాము. కాని ఆ మాటలో ఉన్న సూక్ష్మం తరువాత తోచింది. అరెస్టు చేసినవాడికి జైలు కావాలి. కాపలా కావాలి. తిండి పెట్టాలి. ఇవన్నీ ఎవరి ఖర్చున?

తిండి సంగతి మొదట చూద్దాం. పొగను ఒక ఎత్తైన స్తంభంలోకి పంపి, పై నుండి అమీన్ అనే జాతికి చెందిన రసాయన ద్రవాన్ని చిలకరిస్తారు. అమీన్‌కు బొగ్గుపులుసు వాయువు అంటే ప్రీతి. పొగలో ఉన్న దానిలో నూటికి 90 పాళ్ళ వరకు అది తనలో కలుపుకుంటుంది. కాని కలుపుకున్న దానిని తిరిగి విడిపించాలి గదా, లేకపోతే ద్రవం మళ్ళీ పనికిరాదు. అందుకు దానిని సుమారు 120 డిగ్రీల వరకు కాచాలి. ఆ కాచడానికి ఆవిరి కావాలి. ఆ ఆవిరి అదే బాయిలరు నుండి రావాలి. ఆ తరువాత విడివడిన వాయువును నొక్కి చిక్కబరచడానికి కరెంటు కావాలి, అదీ అక్కడి నుండే. ఇంటి దొంగను పట్టడానికి ఇంటిలోని బియ్యమే ఖర్చు అన్నట్లు, కేంద్రం ఉత్పత్తిలో నూటికి 20 నుండి 30 పాళ్ళు ఈ పనికే పోతాయి. 25 పాళ్ళు పోయినాయనుకుందాం. నూరు యూనిట్లు ఇచ్చే చోట 75 మిగులుతాయి. తక్కువపడిన ఆ 25 కూడా ఊళ్ళకు ఇవ్వాలంటే మునుపటి కంటే మూడవ వంతు బొగ్గు అధికంగా మండించాలి. మూడవ వంతు బొగ్గు అధికమంటే మూడవ వంతు గని అధికం, మూడవ వంతు బూడిద అధికం. మన దేశపు బొగ్గులో నూటికి 30 నుండి 45 పాళ్ళు బూడిదే. గాలి కోసం చేసిన పని నేల మీద గుట్టగా కనిపిస్తుంది.

ఇక్కడే రెండు కళ్ళ పొయ్యి సంగతి మళ్ళీ వస్తుంది. స్వీడన్ దేశపు రాజధాని స్టాక్‌హోంలో వార్తాన్ అనే చోట కట్టె ముక్కలను, అడవి వ్యర్థాలను మండించే సహోత్పత్తి కేంద్రం 2016 నుండి నడుస్తున్నది. అది కరెంటు తీసి, మిగిలిన వేడితో నీళ్ళు కాచి, భూమిలోని గొట్టాల ద్వారా నగరంలోని ఇళ్ళకు వెచ్చదనం పంపుతుంది. అక్కడ ఏడాదికి 8 లక్షల టన్నుల బొగ్గుపులుసు వాయువును పట్టే కర్మాగారం కట్టాలని 2025 మార్చిలో తుది నిర్ణయం జరిగింది. 2028లో పని ప్రారంభించాలని సంకల్పం. పట్టిన వాయువు ఓడల మీద నార్వేకు వెళ్ళి సముద్రగర్భం కింద రాతి పొరలలో చేరుతుంది. అక్కడి విశేషం ఏమంటే, వాయువును పట్టడానికి ఖర్చు చేసిన శక్తిలో పెద్ద భాగాన్ని వేడిగా మళ్ళీ పట్టుకొని నగరపు గొట్టాలలోకే పంపుతారు. చలిదేశం గనుక గోరువెచ్చని నీటికి కూడా అక్కడ ధర ఉన్నది. ఖైదీకి పెట్టిన తిండి సగానికి పైగా ఇంటికే తిరిగి వచ్చినట్లయింది. సహోత్పత్తికి, వాయుబంధానికి పొత్తు కుదిరిందని పాశ్చాత్యులు చెప్పుకోవడంలో అర్థం ఇదే.

మే నెలలో భూపాలపల్లిలో గోరువెచ్చని నీళ్ళు ఎవరికి కావాలి? మనకు కావలసింది చలువ. వేడితో కూడా చలువ తీయవచ్చునని భౌతికశాస్త్ర మిత్రులు చెబుతారు. ఆవిరితో నడిచే శీతల యంత్రాలు ఉన్నాయి. వరంగల్లు ఏనుమాముల మార్కెట్ చుట్టూ మిరపకాయల శీతల గిడ్డంగులు ఎన్నో ఉన్నాయి. కాని ఆవిరి దూరప్రయాణానికి ఓర్వదు. కొద్ది కిలోమీటర్లు పోయేసరికి నీరుగారుతుంది. బొగ్గు ఉన్న చోట కేంద్రం కట్టుకున్నాము, మనుషులున్న చోట కట్టలేదు. ఆ నిర్ణయం ఆనాటికి సరియైనదే. గొట్టం ఊరికి దూరంగా ఉండడం మంచిదే. కాని దాని వలన వెనుక కన్ను ఎప్పటికీ ఖాళీగా ఉండిపోయింది.

నార్వే వారి అనుభవం ఇంకొకటి చెప్పవలసి ఉన్నది. వారి పశ్చిమ తీరంలో మోంగ్‌స్టాడ్ అనే చోట చమురుశుద్ధి కర్మాగారం పక్కన 2010లో గ్యాసుతో నడిచే సహోత్పత్తి కేంద్రం ప్రారంభమైంది. దాని పొగనంతా పట్టివేస్తామని, ఇది మా దేశానికి చంద్రుని మీద కాలు మోపడం వంటిదని, వారి ప్రధానమంత్రి స్టోల్టెన్‌బర్గ్ 2007 నూతన సంవత్సర సందేశంలో చాటినాడు. 2012 మేలో ప్రయోగ కేంద్రం తెరిచారు. 2013 సెప్టెంబరులో పూర్తి స్థాయి పథకాన్ని విరమించుకున్నారు. ఖర్చు అధికం కావడం ముఖ్య కారణం. కాని మధ్యలో ఒక ఆరోగ్య ప్రశ్న కూడా తలెత్తింది. స్తంభం నుండి అమీన్ ఆవిరులు కొద్ది కొద్దిగా తప్పించుకొని పోతాయి. అవి గాలిలోని నత్రజని ఆక్సైడ్లతో కలిసి నైట్రోసమీన్, నైట్రమీన్ అనే పదార్థాలుగా మారవచ్చు. వీటిలో కొన్ని క్యాన్సర్‌కు హేతువులు. 2011లో నార్వే ప్రజారోగ్య సంస్థ వీటికి హద్దు సూచించింది. ఘనపు మీటరు గాలిలో 0.3 నానోగ్రాము, లీటరు తాగునీటిలో 4 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. అంత సన్నని తూకం వేసిన ఆ దేశాన్ని మేము అభినందిస్తాము. మన దేశంలో చెరువు మూత లేని పాత్ర. గొట్టానికి గాలివాటున ఉన్న చెరువులో ఏమి పడుతున్నదో ఆ తూకంతో చూసే ప్రయోగశాల ముందు వెలిసి, ఆ తరువాతే అమీన్ స్తంభం వెలవాలన్నది మా అభిప్రాయం.

మరొక చిక్కు. అమీన్ సుకుమారమైన ద్రవం. పొగలో గంధకపు వాయువు ఉంటే దానితో కలిసి చెడిపోతుంది. కనుక ముందుగా గంధకాన్ని దాదాపు పూర్తిగా కడిగివేయాలి. మన థర్మల్ కేంద్రాలన్నీ గంధకాన్ని కడిగే యంత్రాలు పెట్టుకోవాలని కేంద్ర ప్రభుత్వం 2015 డిసెంబరులో నియమం చేసింది. గడువులు ఒకదాని వెంట ఒకటి పొడిగింపబడ్డాయి. 2025 జూలైలో దేశంలోని అధిక భాగం కేంద్రాలకు ఆ నిబంధన నుండి మినహాయింపే లభించింది. ఖర్చు, మన బొగ్గులో గంధకం తక్కువ అనే వాదన, ఇవి కారణాలుగా చూపబడ్డాయి. ఆ వాదన మంచి చెడ్డలు ఎట్లున్నా, ముఖం కడుగుకోవడానికే బద్ధకించినవాడు పన్నీటి స్నానం గురించి ఉపన్యసించడం మాకు కొంత వింతగా తోస్తుంది.

నీటి విషయం నర్మెట్ట వారికి వేరే చెప్పనవసరం లేదు. మాది మెట్ట ప్రాంతం. బండ నేల, చెరువులే ప్రాణం. మా మండలంలోని బొమ్మకూరు జలాశయానికి ఈనాడు వచ్చే నీరు దేవాదుల ఎత్తిపోతల పథకం ద్వారా, ములుగు జిల్లా గంగారం వద్ద గోదావరి నుండి మెట్టు మెట్టుగా ఎత్తబడి వచ్చే నీరు. వెయ్యి లీటర్ల నీటిని 400 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే, పంపుల నష్టం కలుపుకొని, ఒక యూనిట్ మీద మూడవ వంతుకు పైగా కరెంటు కావాలి. అది బొగ్గు కరెంటు అయిన పక్షాన కిలోకు మించిన బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఎకరం యాసంగి వరికి 4 నుండి 5 వేల ఘనపు మీటర్ల నీరు పోతుంది. లెక్క వేసి చూస్తే, పూర్తిగా అట్టి నీటితో పండిన ఎకరం వరి వెనుక 5 టన్నుల పొగ ఉంటుంది. మా బంధువులలో వ్యవసాయదారులకు ఈ లెక్క చెబితే నమ్మలేదు. చెరువులో నీరు తళతళలాడుతుంటే అందులో పొగ ఎట్లా కనిపిస్తుంది? కరువు చూసిన కళ్ళకు ఆ నీరు వరమే. దానిని ఎత్తవద్దని చెప్పే హక్కు మాకు గాని, స్టాక్‌హోం వారికి గాని లేదు. కాని వాయుబంధం వచ్చిన నాడు యూనిట్ ఖరీదు పెరుగుతుంది గనుక, ఆ అదనపు సొమ్ము ఎత్తిపోతల మీద పడుతుందా, ఖజానా మీద పడుతుందా, చివరికి రైతు మీద పడుతుందా అన్నది నర్మెట్టలో అడగవలసిన ప్రశ్న.

పైగా వాయుబంధానికి కూడా నీరు కావాలి. 2015 నియమాల ప్రకారం పాత థర్మల్ కేంద్రాలు యూనిట్‌కు మూడున్నర లీటర్లకు మించి నీరు వాడరాదు. అమీన్ స్తంభాలను చల్లబరచడానికి ఈ వాడకం మరొక సగం, ఒక్కొక్కచోట అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. పారే నది ఒడ్డున కూర్చున్నా వుజూకు అవసరానికి మించి నీరు వాడరాదని మేము చిన్ననాట మసీదులో నేర్చుకున్నాము. ఆ కొలతతో చూసినప్పుడు, పొగను కడగడానికి గోదావరిని ఎంత వాడవచ్చునో ముందే తేల్చుకోవాలి.

ఇక జైలు సంగతి. మన తెలుగు నేల మీద పొగ నుండి బొగ్గుపులుసు వాయువును పట్టిన కర్మాగారం ఇదివరకే ఉన్నది. ఇది చాలామందికి తెలియదు. కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారంలో 2009లో జపాను మిత్సుబిషి సంస్థ పరిజ్ఞానంతో రోజుకు 450 టన్నులు పట్టగల యంత్రాన్ని నెలకొల్పారు. అది పర్యావరణం కోసం పెట్టింది కాదు. సహజవాయువు నుండి అమ్మోనియా చేసేటప్పుడు, ఆ అమ్మోనియా అంతటినీ యూరియాగా మార్చడానికి చాలినంత బొగ్గుపులుసు వాయువు దొరకదు. ఆ కొరత తీర్చుకోవడానికి పొగలో ఉన్నదానిని పట్టుకున్నారు. అవసరం ఉన్న చోట యంత్రం ఎంత చక్కగా పని చేస్తుందో దీనివలన తెలుస్తుంది.

కాని ఆ ఖైదీ ఎంతకాలం లోపల ఉన్నాడు? 45 కిలోల యూరియా బస్తాలో 33 కిలోల బొగ్గుపులుసు వాయువు దాగి ఉంటుంది. రైతు దానిని మడిలో చల్లిన కొద్ది రోజులకే, మట్టిలోని సూక్ష్మజీవుల చర్య వలన యూరియా విడిపోయి, నత్రజని మొక్కకు, బొగ్గుపులుసు వాయువు మళ్ళీ గాలికి చేరుతాయి. కాకినాడలో అరెస్టు, నర్మెట్ట మడిలో బెయిలు. మా ఉర్దూ మిత్రులకు ఈ మాట చెప్పగా, జామీను ఇచ్చినవాడెవరని అడిగారు. 2025 వానకాలంలో యూరియా కోసం తెల్లవారక ముందే బారులు తీరి, పట్టాదారు పుస్తకాలను, చెప్పులను వరుసలో పెట్టి నిలబడిన మన రైతులను గుర్తుచేసుకుంటే ఈ హాస్యం అంతటితో ఆగిపోతుంది.

వాయువును పట్టి వాడుకోవడం వేరు, పట్టి పాతిపెట్టడం వేరు. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వలన పత్రికలు చదివేవారికి భ్రమ కలుగుతున్నది. మంచిర్యాల జిల్లా జైపూర్‌లోని సింగరేణి వారి 1200 మెగావాట్ల కేంద్రంలో రోజుకు 500 కిలోల బొగ్గుపులుసు వాయువును పట్టి 180 కిలోల మెథనాల్ తయారు చేసే చిన్న ప్రయోగ యంత్రాన్ని పెట్టారు. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో ఎన్.టి.పి.సి. వారిది రోజుకు 20 టన్నులది, 2022లో సిద్ధమైంది. అక్కడా మెథనాల్ చేయడమే లక్ష్యం. మెథనాల్ ఇంధనం. మండించిన నాడు ఖైదీ విడుదల. పైగా దానికి కావలసిన హైడ్రోజన్ తీయడానికి మళ్ళీ కరెంటు కావాలి. జైపూర్ కేంద్రం నిండుగా నడిస్తే రోజుకు వెలువడేది సుమారు 26 వేల టన్నులు. దానిలో అర టన్ను అంటే యాభై వేలలో ఒక వంతు. ప్రయోగాన్ని ప్రయోగంగా గౌరవించాలి, ఏ పెద్ద యంత్రమైనా ఒకప్పుడు బల్ల మీద గాజుకుప్పెలోనే పుట్టింది. కాని గాజుకుప్పెను చూపి గొట్టం సమస్య తీరినట్లు పోటీలలో మాట్లాడవద్దని మా విద్యార్థులకు చెప్పాము. వారిలో ఇద్దరికి అది నచ్చలేదు. బహుమతి ఆశాజనకంగా మాట్లాడినవారికే వస్తుందని వారి అనుభవం.

పాతిపెట్టడానికి మన వద్ద చోటు ఉన్నదా? జనగామ, వరంగల్లు సీమ అంతా అతి ప్రాచీనమైన గ్రానైటు బండ. అందులో వాయువు ఇమిడే రంధ్రాలు లేవు. పడమట వికారాబాదు వైపు, ఉత్తరాన ఆదిలాబాదు వైపు దక్కను నల్లరాతి పొరలు ఉన్నాయి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు ఈ నల్లరాయిలో బొగ్గుపులుసు వాయువును నిలువచేసే అవకాశాన్ని పరిశీలించారు. ఐస్‌లాండ్ దేశంలో ఇటువంటి రాతిలోకే నీటితో కలిపి వాయువును పంపగా, రెండేళ్ళ లోపే నూటికి 95 పాళ్ళు రాయిగా మారిపోయిందని 2016లో ప్రకటించారు. ఖైదీ గోడలో భాగమైపోయాడన్నమాట. ఇంతకంటే గట్టి జైలు లేదు. కాని అక్కడ ఒక టన్ను వాయువుకు 25 టన్నుల వరకు నీరు వాడారు. చెల్పూరు రోజువారీ 24 వేల టన్నులకు ఈ లెక్కన ఎంత నీరో పాఠకులే గుణించుకోవచ్చు. గోదావరిని ఎత్తి పొలానికి పోయాలా, రాతిలో పోయాలా?

మా తండ్రిగారు జనగామ ప్రాంతంలోని ఒక ఉప్పుడు బియ్యపు మిల్లులో ఇరవై ఏళ్ళకు పైగా బాయిలరు చూసేవారు. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్ ఆయన ట్రంకుపెట్టెలో మా ఎం.ఏ. పట్టా కంటే భద్రంగా ఉన్నది. మా చదువు ఆ బాయిలరు నుండే వచ్చింది గనుక దానిని గురించి మాట్లాడేటప్పుడు మాకు నిష్పాక్షికత కొంత తక్కువ. యాసంగి వడ్లు ఎండకు పగుళ్ళు తేలి, పచ్చిగా ఆడిస్తే నూకలవుతాయి. నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే గింజ నిలుస్తుంది. ఆ ఆవిరి కోసం ఆ వడ్ల ఊకనే మండిస్తారు. టన్ను వడ్లకు సుమారు 200 కిలోల ఊక వస్తుంది. అంటే తన్ను ఉడికించుకునే కట్టెను వడ్లగింజ తన ఒంటి మీదనే తెచ్చుకుంటుంది. ఊకదంపుడు అని వ్యర్థప్రసంగాన్ని వెక్కిరించే మన భాష, ఊకకు చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు.

ఈ వ్యాసం కోసం వివరాలు అడుగుతుండగా తండ్రిగారు చెప్పిన మాట ఒకటి మమ్మల్ని ఆలోచింపజేసింది. "ఆవిరి మా దగ్గర మస్తుగ ఉండె. కరెంటు మాత్రం బయటి నుంచి కొనుక్కుంటుండె" అన్నారు. చెల్పూరులో కరెంటు తీసి వేడిని పారవేస్తారు. మిల్లులో వేడి వాడుకొని కరెంటు కొంటారు. పొయ్యి ముందు కన్ను ఒక జిల్లాలో, వెనుక కన్ను ఇంకొక జిల్లాలో ఉన్నాయి. కొన్ని పెద్ద మిల్లులలో ఆవిరిని మొదట చిన్న టర్బైను గుండా పంపి, కరెంటు తీసిన తరువాతనే వడ్ల వద్దకు పంపుతున్నారు. చక్కెర మిల్లులలో చెరకు పిప్పితో ఈ పద్ధతి ఎప్పటి నుండో ఉన్నదే. సహోత్పత్తి మన దేశంలో నిజంగా ఇమిడేది ఇటువంటి చోట్లనే అని మా దృఢాభిప్రాయం. 2021, 2022 సంవత్సరాలలో ఉప్పుడు బియ్యం కొనుగోలుపై కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల మధ్య నడిచిన వివాదం మిల్లులను కలవరపెట్టింది. బియ్యం కొనేవారు ఉంటారో లేదో తెలియనివాడు టర్బైను కొంటాడా అన్నది వేరే సంగతి.

ఊక మండితే వచ్చే బొగ్గుపులుసు వాయువు ఆ పంట ఆ ఏడాది గాలి నుండి తీసుకున్నదే. దానిని పట్టి దాచగలిగితే గాలిలోని భారం నిజంగా తగ్గుతుంది. స్టాక్‌హోం వారు కట్టె ముక్కలతో చేయబోయేది ఇదే. రోజుకు 100 టన్నుల వడ్లు ఆడే మిల్లులో ఊకనంతా మండిస్తే 25 టన్నులకు పైగా వాయువు వస్తుంది. వింధ్యాచల్ యంత్రం పట్టేది 20 టన్నులే. అయితే మిల్లుకొక అమీన్ స్తంభం కట్టడం సాధ్యం కాదు, కట్టినా పాతిపెట్టడానికి బండ ఒప్పుకోదు. దీనికి ఇంకొక దారి ఉన్నది. ఊకను పూర్తిగా బూడిద కానీయక, గాలి తగ్గించి మాడ్చితే సగం కాలిన నల్లని బొగ్గు మిగులుతుంది. వెలువడిన మంటవాయువు బాయిలరుకు పనికివస్తుంది. మిగిలిన ఊకబొగ్గును పొలంలో కలిపితే అందులోని కర్బనం దశాబ్దాలు, శతాబ్దాలు మట్టిలోనే ఉంటుంది. చల్కా నేలలో తడి నిలవడానికీ తోడ్పడుతుంది. ఇందులో వేడి కొంత తగ్గుతుంది. ఆ నష్టం ఉన్నది. ఊక మండేటప్పుడు లేచే నల్లటి రవ్వలు చుట్టుపక్కల డాబాల మీద, ఆరవేసిన బట్టల మీద పడడం ఆగదు, దానికి వేరే వడపోత పెట్టాలి. మా తల్లిగారు మిల్లు వైపు గాలి వీచిన రోజున బట్టలు లోపలే ఆరవేసేవారు.

పెద్ద కేంద్రాల విషయంలో అమెరికా అనుభవం కూడా చూడదగినది. టెక్సాస్‌లో పెట్రా నోవా అనే పథకం 2017 జనవరిలో పని మొదలుపెట్టింది. కాకినాడలో యంత్రం పెట్టిన మిత్సుబిషి వారిదే ఇక్కడి పరిజ్ఞానం కూడా. బొగ్గు కేంద్రం ఉత్పత్తి తగ్గకుండా ఉండాలని, వాయుబంధానికి కావలసిన ఆవిరి, కరెంటు కోసం పక్కన వేరుగా ఒక గ్యాసు సహోత్పత్తి కేంద్రాన్ని కట్టారు. ఆ రెండవ కేంద్రపు పొగను మాత్రం పట్టలేదు. అత్తగారు ఒప్పుకోని పని అమెరికావారు చేశారు, వెనుక కంటికి వేరే కట్టె పెట్టారు. పట్టిన వాయువును పాత చమురు బావిలోకి పంపి, దాని ఒత్తిడితో మిగిలిన చమురును బయటికి తీశారు. 2020లో చమురు ధర పడిపోగానే మే నెలలో యంత్రం నిలిచిపోయింది. 2023 సెప్టెంబరులో మళ్ళీ నడిపించారు. పొగను పట్టడం చమురు ధర మీద ఆధారపడితే దానిని పర్యావరణ పథకం అనడానికి మాకు నోరు రాదు.

వాయుబంధం వద్దని మేము అనడం లేదు. సిమెంటు, ఉక్కు వంటి చోట్ల దానికి బదులు వేరే దారి దొరకడం కష్టమని నిపుణులు చెబుతున్నారు. తాండూరు, మట్టంపల్లి సిమెంటు కర్మాగారాల వద్ద సున్నపురాయి నుండే బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది, అక్కడ సౌరవిద్యుత్తు ఎంత పెట్టినా ఆ వాయువు ఆగదు. పట్టే స్తోమత పరిమితమైనప్పుడు దానిని ముందు అక్కడ వాడాలి. బొగ్గు కేంద్రానికి సూర్యుడు ప్రత్యామ్నాయంగా ఉన్నాడు, రామగుండం జలాశయం మీద 100 మెగావాట్ల తేలియాడే సౌరఫలకాలు 2022 నుండి పని చేస్తున్నాయి.

ద్వితీయ సంవత్సరం చదివే ఒక విద్యార్థి, తరగతి అయిన తరువాత వరండాలో ఆగి, "సార్, పొగను పట్టే మిషను వస్తే మా అన్న నౌకరి ఉంటదా, పోతదా?" అని అడిగాడు. అతని అన్న ఒక థర్మల్ కేంద్రంలో కాంట్రాక్టు కార్మికుడు. ఆ నౌకరి మీదనే చెల్లెలి పెళ్ళి, ఇతని ఫీజు ఆధారపడి ఉన్నాయి. మన దేశం 2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని ప్రపంచానికి మాట ఇచ్చింది. థర్మల్ యూనిట్ సాధారణంగా 25 ఏళ్ళు, మరమ్మత్తులతో ఇంకొంత కాలం నడుస్తుంది. అన్న పదవీ విరమణ వరకు గొట్టం పొగ విడుస్తూనే ఉండవచ్చు, తమ్ముని పదవీ విరమణ వరకు ఉండదు. మిషను వచ్చినా రాకపోయినా ఈ లెక్క పెద్దగా మారదని చెప్పాము. అతడు కాసేపు నిలబడి, మిల్లుల బాయిలరుకు పరీక్ష ఎక్కడ రాయాలని అడిగాడు. మా తండ్రిగారి ఫోను నంబరు ఇచ్చాము. వారిద్దరూ ఇప్పుడు ఆదివారాలు కలుసుకుంటున్నారు. ప్రెషర్ గేజి పాఠం అయిపోయిందట, సేఫ్టీ వాల్వు మొదలయింది.